అలుగు దాటిన చేపలు

చేప చచ్చిపోతే తేలుతుంది. ఇది తెలుసుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో గల్లీకి నాలుగున్న కోచింగ్ సెంటర్లలో ఏ ఒక్కదానికీ వెళ్ళక్కర్లేదు. మా చీరల షాపులో మూడు వారాల్లో నాలుగు చేపలు మాయమయ్యాయి, ఒక్కటీ తేలలేదు. అయినా అవి చచ్చిపోయాయని అందరూ కలిసి తీర్పు చెప్పేశారు. చంపింది నా చెయ్యి అని కూడా చెప్పేశారు. నేనింకా ఆ షాపులోనే పనిచేస్తున్నాను కాబట్టి ఎవరి పేరూ రాయను. జరిగింది మాత్రం దాచను.

షాపు యజమానిని మేడం అని పిలుస్తాం. ముప్పై ఏళ్ళ కింద బాపట్ల వైపు నుంచి వచ్చి, ఇంటి ముందు గదిలో చాప మీద చీరలు పరిచి అమ్మడంతో మొదలుపెట్టి, రెండంతస్తుల షాపు దాకా తెచ్చిన మనిషి. కష్టం తెలిసిన మనిషే, కానీ నమ్మకాలు జాస్తి. "మా వీధి చివర నిలబడితే సముద్రం హోరు వినపడేదమ్మాయ్" అని ఏడాదిలో నూరుసార్లు చెప్పేది. ఆ బెంగతోనే షాపులో అడుగుపెట్టగానే కనబడేలా ఐదడుగుల అద్దాల తొట్టి పెట్టించింది. మామూలు నీళ్ళది కాదు, ఉప్పునీళ్ళది. అందులో తొమ్మిది సముద్రపు చేపలు. చీర కొనడానికొచ్చిన ఒక నల్గొండ పెద్దమ్మ దాన్ని చూసి, "ఉప్పు ముందే ఏసిన్రు, ఇగ చింతపండు పిసికితే పులుసే" అంటే షాపంతా నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు.

ఆ సముద్రాన్ని మోసేది నేను. వారానికోసారి నాలుగు బకెట్ల నీళ్ళు తీసి నాలుగు బకెట్లు పోయాలి. ఫిల్టరు నీళ్ళలో ప్యాకెట్ ఉప్పు కలిపి, అది కరిగేదాకా కర్రతో తిప్పి, కొలత చూసి, మెట్ల కింద నుంచి ముందు హాలు దాకా మోసుకురావాలి. పొద్దునా సాయంత్రం మేత వెయ్యాలి. నెలకోసారి ఎల్బీనగర్ నుంచి తొట్టి బాగుచేసే అన్న వచ్చి గొట్టాలు కడిగి పోతాడు. మిగతా రోజులన్నీ దాని బాగోగులు నావే. వీటన్నిటి మధ్యలో చీరలు కూడా అమ్మాలి, అసలు నన్ను పెట్టుకున్నది దానికే.

బోణీ కూడా నాదే. నేను చేరిన మొదటి వారంలో గిరాకీ బాగా నడిచిందట, అప్పట్నుంచి పొద్దున మొదటి చీర నా చేత్తోనే అమ్మించేది మేడం. కాకి వాలడం, తాటిపండు పడటం. ఆ మాట అప్పుడు నేను అనలేదు. నిజం ఒప్పుకోవాలంటే, నాకది ఎంతో బాగుండేది. మీర్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇంటి నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే నా చేతికి పదిమంది ముందు అంత మర్యాద దొరుకుతుంటే ఎందుకు వద్దంటాను? మూడేళ్ళు హాయిగా ఒళ్ళు పొంగి తిరిగాను.

ఇంతలో ఎల్బీనగర్ వైపు పెద్ద పెద్ద షాపులు లేచాయి. మా ఆషాఢం అమ్మకాలు చప్పబడ్డాయి. మేడం వాస్తు చూసే ఆయన్ని పిలిపించింది. ఆయన ఫోన్లో దిక్సూచి పట్టుకుని షాపంతా తిరిగి, చివరికి తొట్టి దగ్గర ఆగాడు.

ఆ తొట్టి సంగతి ఒకటి చెప్పాలి. దాని మూలన నల్లటి ప్లాస్టిక్ గోడ ఒకటి ఉంటుంది. పై నీళ్ళు ఆ గోడ మీది నుంచి పొర్లి, వెనక గొట్టంలోంచి దిగి, కింద చెక్క అల్మారాలో దాచిన ఇంకో తొట్టిలో పడతాయి. అక్కడ రాళ్ళ మధ్య నుంచి నడిచి, మురికి వదిలించుకుని, మోటారుతో మళ్ళీ పైకి ఎక్కుతాయి. ఆ గోడ అంచు పొడుగునా దువ్వెన పళ్ళలాంటి నల్లటి ముక్క ఒకటి బిగించి ఉండేది. వాస్తు ఆయన కన్ను దాని మీద పడింది.

"ఈశాన్యంలో పారే నీళ్ళకి అడ్డంగా పళ్ళు పెట్టించారేంటండీ? అక్కడ నీళ్ళు ఆగితే ఇక్కడ గిరాకీ ఆగుతుంది" అని, స్వయంగా చెయ్యి పెట్టి దాన్ని పీకేశాడు. చేపలు ఎప్పుడూ తొమ్మిది ఉండాలని, అందులో నల్లది షాపుకి తగిలిన దిష్టి తింటుందని కూడా చెప్పాడు. పీకిన ముక్క నా చేతికిచ్చి పారెయ్యమన్నాడు. మా ఇంట్లో దారం ముక్క కూడా పారెయ్యరు. కత్తెరా గుండుసూదులూ ఉండే సొరుగులో దాన్ని పడేసి నా పని నేను చూసుకున్నాను. అదెందుకుందో నేను అడగలేదు. నేనే కాదు, ఎవ్వరూ అడగలేదు.

వారం తిరక్కుండానే ఒక చేప కనబడలేదు. తెల్లటి ఒంటికి ఎర్రటి తోక అంటించినట్టు ఉండే సన్నది. "దిష్టి పట్టుకుపోయిందిలే, మంచిదే" అంది మేడం, సంతోషంగానే. తర్వాత నాలుగు నీలం చేపల్లో ఒకటి పోయింది. "ఎంత దిష్టి పెట్టారో చూడు జనాలు" అంది. ఆ తర్వాత నల్లది పోయింది. ఒంటి మీద మూడు తెల్ల చుక్కలతో, అన్నిటినీ దబాయిస్తూ తిరిగే చేప అది. మేడం కౌంటర్ దగ్గర స్టూలు మీద కూలబడి వాస్తు ఆయనకి ఫోను చేసింది. స్పీకర్ పెట్టి ఉంది, అందరం వింటున్నాం.

"మేత వేసే చెయ్యి ఎవరిదండీ?" అని అడిగాడాయన.

ఆ ఒక్క ప్రశ్నతో నా మూడేళ్ళ బోణీ ఊడింది.

"మేడం, చచ్చిన చేప ఏడున్నది? ఒక్క పొలుసన్న కనబడ్డదా?" అన్నాను.

"పెద్దవి తినేసుంటాయమ్మాయ్."

"ఏది తింటది? అన్నిట్ల పెద్దది గా పసుపుది, అది నాచు తింటది. నేనే కదా మేత ఏసేది, నాకు తెల్వదా?"

"నువ్వే కదా వేసేది. అందుకే చెప్తున్నా. రేపట్నుంచి మేత నువ్వు వెయ్యొద్దు. బోణీ కూడా కొన్నాళ్ళు ఆపు." కోపంగా కూడా అనలేదు. జ్వరం వచ్చిన మనిషికి పథ్యం చెప్పినట్టు చెప్పింది. అదే నన్ను మండించింది.

మేత, బోణీ రెండూ బడంగ్‌పేట్ నుంచి వచ్చే అక్కకి ఇచ్చారు. మా కౌంటర్‌లోనే పనిచేస్తుంది, నాకంటే పదేళ్ళు పెద్దది. అప్పటిదాకా ఇద్దరం ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్ళం. ఆ రోజు నుంచి ఆమె నా చేతికి ఏదీ ఇవ్వలేదు. కత్తెర అడిగితే కౌంటర్ మీద పెట్టి, "తీస్కో" అనేది. ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. కానీ ఆ కత్తెర కౌంటర్ మీద చేసే చప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టే ఉండేది.

బోణీ పోతే ఏం పోయింది అనుకోవచ్చు మీరు. నాకు పోయేది బతుకుతెరువు. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల్లో ఒక కౌంటర్లో తుమ్మితే నాలుగో షాపులో చిరంజీవ అంటారు. పని రాని మనిషినైనా పెట్టుకుని నేర్పుకుంటారు గానీ, చెయ్యి మంచిది కాదని పేరుపడ్డదాన్ని ఏ యజమానీ గడప తొక్కనివ్వడు. ఇంకో షాపుకి పోదామన్నా ఆ మాట నాకంటే ముందే పోయి అక్కడ కూచుంటుంది. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

ఇంట్లో చెప్తే అమ్మ ఏడ్చింది. మంగళవారం పొద్దున్నే కర్మన్‌ఘాట్ గుడికి లాక్కెళ్ళింది. "మొక్కుకో బిడ్డా, జర మనసు పెట్టి మొక్కుకో" అని వెనక నుంచి పొడుస్తూనే ఉంది. నేను ఆంజనేయస్వామిని ఏమీ అడగలేదు. నా తప్పు లేదని చెప్పేసి వచ్చాను. తప్పు లేనిదానికి క్షమించమని అడిగితే దేవుడు కూడా నమ్మేస్తాడేమోనని నా భయం.

మరుసటి వారం, మేత బడంగ్‌పేట్ అక్క వేస్తుండగానే ఇంకో నీలం చేప పోయింది. ఇప్పుడేమంటారో చూద్దామనుకున్నాను. నా బుద్ధి తక్కువ. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళకి ఆ మద్దెల పోతే ఇంకోటి దొరకదా? చెయ్యి కాకపోతే చూపు అన్నారు. వస్తూ పోతూ తొట్టివైపు నేను చూస్తున్నానట. అందుకని నన్ను పైనున్న స్టాకు గదికి పంపారు. చీరలు మడతపెట్టి అట్టలు వేసే పని. కిటికీ లేని ఆ గదిలో కూచుని ఆరు రోజులు మడతలు వేశాను. ఏడుపు రాలేదు. పళ్ళు కొరకడం వల్ల దవడ నొప్పి వచ్చింది.

ఏడో రోజు మధ్యాహ్నం, పట్టుచీరల కట్ట కిందికి దింపమని పిలిచారు. దించాను. చూడొద్దన్నారు కాబట్టి తొట్టి ముందు ఆగి తీరిగ్గా చూశాను. బడంగ్‌పేట్ అక్క అప్పుడే మేత వేసింది. నీళ్ళ మీద తేలే రేకుల్లాంటి మేత, పారే నీళ్ళతో పాటు మూలకి జరుగుతోంది. రెండు నీలం చేపల్లో ఒకటి ఒక రేకు వెంట పడింది. రేకు నల్లగోడ అంచు మీదికి పోయింది. చేప కూడా పోయింది. ఎగరలేదు, దూకలేదు. ఒక్కసారి తోక ఆడించి నీళ్ళతో పాటు జారి అవతల పడింది. గోడ అంచు నున్నగా ఉంది.

మా ఊరు నల్గొండ దగ్గర. వానలకి చెరువు నిండితే కట్ట చివరి రాతి అంచు మీది నుంచి నీళ్ళు పొర్లి కిందికి పడతాయి, దాన్ని అలుగు పోయడం అంటాం. ఆ రోజున చెరువులోకి దిగి వల వేసేవాడు పిచ్చోడు. ఊరంతా అలుగు కింద నిలబడుతుంది. మా నాయన పాత చీర ఒకటి రెండు చివర్లూ కట్టి అక్కడే పట్టుకునేవాడు. "పారే నీళ్ళు కనబడితే చేప ఆగది బిడ్డా, దాన్కి అవతల ఏమున్నదో చూడాలె" అనేవాడు. పైన చెరువులో చేపలు తగ్గాయంటే చచ్చాయని మా ఊళ్ళో పసిపిల్ల కూడా అనదు.

చీరల కట్ట కౌంటర్ మీద పడేసి, తొట్టి ముందు నేల మీద కూచుని, కింది అల్మారా తలుపు లాగాను. షాపులో అప్పుడు గిరాకీ ఉంది. మేడం అక్కడినుంచే కేకేసింది.

"ఏయ్ అమ్మాయ్! నిన్ను దాని జోలికి పోవద్దన్నానా లేదా?"

"అన్నరు మేడం" అని తలుపు పూర్తిగా తీశాను. మోటారు హోరు, తడి ఉప్పు వాసన ముఖాన కొట్టాయి. ఫోను లైటు వేసి లోపలికి వంగాను.

రాళ్ళ మీద, ఆ ఇంటికి తానే యజమానిలాగా, నల్లది కూచుని ఉంది. లైటు పడగానే నా మీదికే వచ్చింది. దాని వెనక రెండు నీలంవి. అప్పుడే పడ్డ మూడోది ఇంకా బిత్తరపోయి ఒక మూల తిరుగుతోంది. రాళ్ళ సందులోంచి ఎర్రతోక బయటికీ లోపలికీ ఆడుతోంది. ఐదూ ఉన్నాయి. వెలుతురు లేదు, వేళకి మేత వేసినవాడు లేడు, పైనుంచి గొట్టంలో కొట్టుకొచ్చిన ఎంగిలి తిని బతికాయి. బతకడమేంటి, నల్లది పైనున్నవాటి కంటే బలిసింది. దాని కోసం కుంకుమ నీళ్ళు తిప్పి పోసి, మంత్రాలు చదివించి, కొత్తది కొనడానికి మంచి రోజు కూడా చూశారు పైన. అదేమో కింద దర్జాగా సంసారం చేస్తోంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు, చేతులు ఉప్పుగా ఉన్నాయి.

"మేడం, మీ చచ్చిన చేపలు రమ్మంటున్నయి" అని గట్టిగా అరిచాను.

ఆమె వచ్చింది. మోకాళ్ళ నొప్పి మనిషి, అయినా కౌంటర్ పట్టుకుని కూచుంది, వంగి చూసింది. చీరలు చూస్తున్నవాళ్ళు కూడా లేచి వచ్చి మా వెనక గుమిగూడారు. "ఓరి నాయనో" అంది చివరికి. అంతే.

తొట్టి బాగుచేసే అన్న గంటలో ఎల్బీనగర్ నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే గోడ అంచు తడిమాడు.

"దువ్వెన ఏది చెల్లె? ఈడ నల్లగ పళ్ళుండె కదా, చేపలు దాటకుంట?"

సొరుగులోంచి తీసిచ్చాను. ఎవరు పీకారని అడిగాడు. మేడం గోడ మీది క్యాలెండర్ చూసింది. "గిది పీకేస్తే చేపలు పోక ఏం చేస్తయి? ఇన్ని రోజులు మోటర్ల పడకుంట బతికినయంటే వాటి కిస్మత్" అన్నాడు. మేడం పక్కకు వెళ్ళి వాస్తు ఆయనకి ఫోను చేసి వచ్చింది. దువ్వెనకి పసుపు రాసి పెడితే దోషం లేదన్నాడట. పసుపు నీళ్ళలో కలిస్తే మిగతావి కూడా చస్తాయని అన్న మొత్తుకున్నాడు. చివరికి పసుపుదారం అద్దానికి బయట కట్టారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు. నాకెందుకు, దువ్వెన ఎక్కింది.

చేపల్ని పైకి ఎక్కించడం మాత్రం అంత తేలిక కాలేదు. నీలంవి త్వరగానే చిక్కాయి. ఎర్రతోక కోసం రాళ్ళు తియ్యాల్సి వచ్చింది. నల్లది ముప్పావుగంట ఏడిపించింది. గరిటెవలలో పడ్డట్టే పడి తప్పించుకుంది, అన్న వేలు రెండుసార్లు కొరికింది. దానికి పైకి రావాలని లేదు. నేను లోపల్లోపల దాని పక్షమే ఉన్నాను.

సాయంత్రం దాకా మేడం నాతో మాట్లాడలేదు. తప్పయింది అనే మాట ఆమె నోటి నుంచి వస్తుందని ఎదురుచూశాను. ఇంటికి పోయేటప్పుడు కూడా రాలేదు. "రేపు తొందరగా రా" అంది.

మరునాడు తొందరగానే వెళ్ళాను. ఊడ్చి, అగరొత్తులు వెలిగించే సరికి మొదటి గిరాకీ వచ్చింది. గృహప్రవేశానికి పెట్టుబడి చీరలు కావాలని ఒకావిడ. బడంగ్‌పేట్ అక్క చూపించింది, ఆవిడకి రెండు నచ్చాయి. అక్క వాటిని కవర్లో పెట్టబోతుంటే మేడం ఆపింది.

"నువ్వు పక్కకి జరుగు. అమ్మాయ్, నువ్వు రా. ఇవాళ్టి నుంచి బోణీ ఎప్పటికీ నీదే. నీది లక్ష్మీ హస్తం, పోయిన ప్రాణాల్ని లేపిన చెయ్యి అది. ఈమె చేత్తో చేయించుకుని ఇన్ని రోజులూ ఈగలు తోలుకున్నాను."

షాపులో ఆడవాళ్ళం నలుగురం ఉన్నాం, గిరాకీ ఆవిడ కాక. అందరూ నన్ను చూసి నవ్వారు. అక్క నవ్వలేదు. కవరు కౌంటర్ మీద పెట్టి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆమెకి బడికి పోయే పిల్లలు ఇద్దరున్నారు. ఆమెకి వచ్చిన పని కూడా ఇదొక్కటే. ఈ సాయంత్రానికి ఆ మాట నాలుగో షాపు దాకా పోతుంది.

ఆమెని అట్లా చూడగానే జాలి కలిగిందని రాస్తే అబద్ధం. కత్తెర చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. నీకట్లనే కావాలె అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. కానీ నా చెయ్యి మంచిదంటే ఇంకెవరిదో చెడ్డదవ్వాలి. ఇవాళ ఆమెది, రేపు ఒక చేప తేలితే మళ్ళీ నాది. మూడేళ్ళు నేను మురిసిన మురిపెం అంతా ఇంతే. అది తెలిశాక నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నేను చెయ్య మేడం."

"అదేంటే? మర్యాద చేస్తుంటే!"

"నా చెయ్యిల లక్ష్మి లేదు, శని లేదు. బకెట్లు మోసి మోసి నొప్పి ఉన్నది. అక్క చెయ్యి గట్లనే ఉన్నది, కావాలంటే అడుగుండ్రి. చీర ఆమె చూపెట్టింది, ఆమెనే అమ్మాలె."

మేడం ముఖం ఎర్రబడింది. పనిలోంచి తీసేస్తుందనే అనుకున్నాను. తీసేస్తే తీసెయ్యనీ అని కూడా అనుకున్నాను. అక్క కదల్లేదు. నేను జరగలేదు.

"ఎవరి చెయ్యైతే ఏందమ్మా, జల్దీ కట్టియ్యుండ్రి. ఆటో ఆపి వచ్చిన" అంది గిరాకీ ఆవిడ.

మేడం స్టూలు దిగి వచ్చింది. మా ఇద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి కవరు తీసుకుంది, చీరలు తానే మడిచి పెట్టింది, డబ్బులు తానే తీసుకుంది. నేను చేరాక ఆమె తన చేత్తో బోణీ చెయ్యడం అదే మొదటిసారి. అప్పట్నుంచి బోణీ ఎవరి ముందు గిరాకీ కూచుంటే వాళ్ళదే.

ఆ రోజు మరి గిరాకీ ఎట్లా నడిచిందని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. బాగా నడిచిందా, మునిగిందా? నాకు బాగా గుర్తుంది. చెప్పను. చెప్పానంటే, దానికి మళ్ళీ ఎవరిదో ఒకరి చెయ్యి వెతుకుతారు.